సీమలో ఉండి రేసింగ్ అభిమాని కావడం ఎలా?

అనంతపురంలో రేస్ ట్రాక్ లేదు. కర్నూలులో లేదు, కడపలోనూ లేదు. అయినా మ్యాపు ముందర పెట్టుకుని చూస్తే కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు ఇంతకంటే అనువైన చోటు తెలుగు నేల మీద లేదనే అంటాను. అనంతపురం నుంచి బెంగళూరు సుమారు 210 కిలోమీటర్లు. కడప వాళ్లు తెల్లారుజామున బయలుదేరితే చెన్నై దగ్గరి ట్రాక్‌లో మధ్యాహ్నం రేసులు చూసుకోవచ్చు. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఏడాదికి 3 లక్షల బండ్లు చేయగల ఫ్యాక్టరీ అది. అదృష్టం బాగుంటే 44వ నంబరు హైవే మీద, ఇంకా మార్కెట్లోకి రాని కారు ఒళ్లంతా నలుపు తెలుపు స్టిక్కర్లు చుట్టుకుని మన పక్క నుంచే వెళ్లిపోతుంది.

ఇన్ని ఉన్నా మన దగ్గర ఈ పిచ్చి ఎక్కువగా సైలెన్సర్ మార్చడం దగ్గరో, రీల్స్ చూడడం దగ్గరో ఆగిపోతోంది. సొంత కారు లేకపోయినా, పెద్దగా డబ్బు లేకపోయినా రేసింగ్‌ను లోతుగా ఆస్వాదించవచ్చు. అందుకు ముందు చూడడం నేర్చుకోవాలి, తర్వాత దగ్గరికి వెళ్లాలి, ఆ తర్వాతే స్టీరింగ్ పట్టుకోవాలి. నేను చెప్పే వరస అదే.

1. ముందు ఒక్క సిరీస్ పట్టుకోండి

ఒంటి సీటు కార్ల ఫార్ములా 1, బైకుల మోటోజీపీ, ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్, లే మాన్స్ 24 గంటల రేసు. అన్నీ ఒకేసారి మొదలుపెడితే నెల తిరక్కుండానే ఏదీ గుర్తుండదు. మొదటి ఏడాదికి ఫార్ములా 1 చాలు. సమాచారం తేలిగ్గా దొరుకుతుంది, రేసు సమయాలు కూడా మనకు బాగా కుదురుతాయి.

యూరప్‌లో జరిగే రేసులు చాలావరకు మన టైం ప్రకారం సాయంత్రం ఆరున్నరకు మొదలవుతాయి. బ్రిటన్ రేసు ఏడున్నరకు. జపాన్ రేసు ఆదివారం ఉదయం పదిన్నరకు వస్తుంది, అంటే ఉగ్గాని బజ్జి తిని టీవీ ముందు కూర్చునే వేళకు. ఇబ్బందల్లా అమెరికా ఖండం రేసులతోనే. టెక్సాస్‌లోని ఆస్టిన్ రేసు మనకు అర్ధరాత్రి దాటాక వస్తుంది. సోమవారం పొద్దున్నే డ్యూటీ ఉంటే ఫోన్ నోటిఫికేషన్లు ఆపేసి పడుకుని, మర్నాడు రికార్డింగ్ చూడండి. ఫలితం చెప్పే స్నేహితుణ్ని ఆ ఒక్క పూటా దూరంగా పెట్టండి.

2024 నుంచి మన దేశంలో ఫార్ములా 1 ప్రసారాలు ఫ్యాన్‌కోడ్ యాప్‌లో వస్తున్నాయి. హక్కులు చేతులు మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు ఆ సీజన్ సంగతి ఒకసారి చూసుకోండి. హాస్టల్ గదిలో నలుగురు కలిసి చూస్తే ఖర్చూ తగ్గుతుంది, వాదనలూ పెరుగుతాయి. ఒంటరిగా చూసేవాడికి రేసు సగమే అర్థమవుతుందని నా నమ్మకం.

2. రేసు కంటే ముందు క్వాలిఫయింగ్ చూడండి

కొత్తవాళ్లు నేరుగా ఆదివారం రేసు పెట్టుకుని, ఇరవై ల్యాపులు, అంటే ట్రాక్ చుట్టూ ఇరవై చుట్లు, అయ్యాక ఆవలిస్తారు. రేసులో ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో తేల్చే శనివారం క్వాలిఫయింగ్‌తో మొదలుపెడితే ఆ బాధ ఉండదు. గంటలో అయిపోతుంది, లెక్క కూడా సూటిగా ఉంటుంది. 2026 నుంచి 11 జట్లు, 22 కార్లు. మొదటి భాగంలో వెనకబడ్డ ఆరుగురు ఇంటికి, రెండో భాగంలో ఇంకో ఆరుగురు ఇంటికి. మిగిలిన పదిమంది మొదటి స్థానం కోసం పోటీ పడతారు. ఎవరి కారు వేగంగా ఉందో, ఎవరు తడబడుతున్నారో అక్కడే తెలిసిపోతుంది.

ఇక ఆదివారం. రేసు దూరం సుమారు 305 కిలోమీటర్లు, మొనాకో ఒక్కటే తక్కువ. మొదటి పదిమందికి వరసగా 25, 18, 15, 12, 10, 8, 6, 4, 2, 1 పాయింట్లు. టైర్ల పక్క గీత రంగు చూడండి. ఎరుపు మెత్తనిది, పసుపు మధ్యరకం, తెలుపు గట్టిది. మెత్తని టైరు బాగా పట్టుకుంటుంది, తొందరగా అరుగుతుంది. గట్టిది దానికి తలకిందులు. వర్షానికి ఆకుపచ్చ, నీలం. వర్షం పడకపోతే ప్రతి కారూ కనీసం రెండు రకాల టైర్లు వాడి తీరాలి. అందుకే ఎవరైనా సరే టైర్లు మార్చే చోటికి, అంటే పిట్‌లోకి, రాక తప్పదు.

రేసు రుచి అంతా ఇక్కడే ఉంది కాబట్టి ఒక లెక్క వేసి చూపిస్తాను. రాము ముందున్నాడు, సోము 1.5 సెకన్లు వెనక ఉన్నాడు. ఇద్దరి టైర్లూ అరిగి ల్యాపుకు 94 సెకన్లు పడుతోంది. ట్రాక్ మీద దాటడం సోముకు కుదరడం లేదు. 18వ ల్యాపు చివర సోము పిట్‌లోకి వెళ్లి కొత్త టైర్లు వేయించుకున్నాడు. పిట్‌లోకి వెళ్లి రావడానికి 22 సెకన్లు పోతాయనుకుందాం. తర్వాతి ల్యాపులోనో ఆ పై ల్యాపులోనో రాము కూడా వెళ్లాల్సిందే, అతనికీ అవే 22 పోతాయి, కాబట్టి వాటిని పక్కన పెట్టేయండి. మిగిలింది 19వ ల్యాపు. కొత్త టైర్ల మీద సోము దాన్ని 92 సెకన్లలో తిరిగాడు. రాము పాత టైర్లతో 94 తీసుకుని అప్పుడు పిట్‌లోకి వెళ్లాడు. సోముకు కలిసొచ్చింది 2 సెకన్లు, ఉన్న తేడా 1.5. రాము బయటికొచ్చేసరికి సోము అర సెకను ముందున్నాడు. ఎవరూ ఎవర్నీ ట్రాక్ మీద దాటలేదు, స్థానాలు మాత్రం మారిపోయాయి. దీన్నే అండర్‌కట్ అంటారు.

ఈ ఎత్తు ప్రతిసారీ పారదు. సోము బయటికొచ్చిన చోట నెమ్మదైన కారు అడ్డముంటే ఆ రెండు సెకన్లూ గాలికి పోతాయి. టైర్లు వేడెక్కడానికి టైం పట్టే ట్రాకుల్లో పాత టైర్ల మీదే ఇంకో ల్యాపు లాగినవాడు గెలుస్తాడు. అందుకని టీవీలో కారును చూస్తూనే, తెర ఎడమ పక్క కనబడే తేడాల పట్టీని గమనించండి. రెండు కార్ల మధ్య తేడా రెండు సెకన్ల కిందికి దిగిందంటే పిట్ గోడ మీద కూర్చుని ఎత్తులు వేసే జట్టువాళ్లకు టెన్షన్ మొదలైనట్టే. అది మీకూ మొదలైన రోజు, "ఊరికే గుండ్రంగా తిరగడానికి అంత ఖర్చెందుకురా" అనే నాన్నకు పక్కన కూర్చోబెట్టి చెప్పగలుగుతారు. మా ఇంట్లో ఇప్పుడు "ఎవడు ముందు టైర్లు మార్చినాడు?" అని ఆయనే అడుగుతారు.

పాత రేసుల వీడియోలు చూసేవాళ్లకు ఒక మాట. 2026 నుంచి కార్ల నియమాలు బాగా మారాయి. ఇంజిన్ శక్తిలో దాదాపు సగం కరెంటు నుంచి వస్తోంది. ముందు కారుకు దగ్గరైనప్పుడు వెనక రెక్క తెరుచుకునే డీఆర్‌ఎస్ పద్ధతి పోయింది.

3. మనవాళ్ల చరిత్ర కొంచెం

నరేన్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ జట్టుతో ఫార్ములా 1లోకి వెళ్లిన మొదటి భారతీయుడు. 2010లో కరుణ్ చంధోక్. గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో 2011, 2012, 2013లలో ఫార్ములా 1 జరిగితే మూడుసార్లూ సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న కరెంటు కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది. కర్నూలు నుంచి బస్సెక్కి వెళ్లి చూసి రాగలిగినంత దగ్గర్లో జరిగిన అంతర్జాతీయ రేసు అది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది రేసు రద్దయింది, ఆ వెలితి ఇంకా తీరలేదు. ఇప్పుడు కన్నేసి ఉంచాల్సిన పేరు బెంగళూరు కుర్రాడు కుష్ మైనీ. 2025లో మొనాకోలో, ఫార్ములా 1కి ఒక మెట్టు కింద ఉండే ఫార్ములా 2లో స్ప్రింట్ అనే చిన్న రేసు గెలిచాడు. ర్యాలీల్లో గౌరవ్ గిల్, 2019లో అర్జున అవార్డు అందుకున్నాడు.

4. ఇంట్లో ఉన్న బండితో మొదలుపెట్టండి

కారు పిచ్చి అంటే మోడళ్ల పేర్లు, ధరలు అప్పజెప్పడం అనుకుంటారు చాలామంది. బ్రోషర్‌లో అంకెలు చదవడం వస్తే ఆ పేర్లన్నీ వాటంతటవే వస్తాయి. పెనుకొండ సెల్టోస్‌నే తీసుకోండి. 1.5 లీటర్ల మామూలు పెట్రోల్ ఇంజిన్ శక్తి 115 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), డీజిల్‌ది 116. చూడ్డానికి రెండూ ఒకటే. టార్క్, అంటే తిప్పే బలం, దగ్గరికొచ్చేసరికి పెట్రోల్‌ది 144 న్యూటన్ మీటర్లు, అదీ ఇంజిన్ నిమిషానికి 4,500 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగినప్పుడు. డీజిల్‌ది 250, అది 1,500 దగ్గరే దొరుకుతుంది. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 7,024తో భాగిస్తే పీఎస్ వస్తుంది. 1,500 ఆర్‌పీఎం దగ్గర డీజిల్ 53 పీఎస్ ఇస్తుంటే, పెట్రోల్ ఎంత బాగా లాగినా 31కి మించదు. ఐదుగురు కూర్చుని, సామాన్లేసుకుని ఎత్తు ఎక్కేటప్పుడు డీజిల్ ఎందుకు సుళువుగా పోతుందో, పెట్రోల్‌కు గేర్ ఎందుకు తగ్గించాలో ఈ ఒక్క లెక్కలో తేలిపోతుంది.

ఇది మెకానిక్‌లకు లెక్క వేయకుండానే తెలుసు. షెడ్డు దగ్గర ఒక కుర్రాడు వచ్చి "అన్నా, ఎత్తు ఎక్కుతాంటే టకటకమంటాంది, ఇంజిన్ పోయిందేమో" అన్నాడు. మేస్త్రి బానెట్ కూడా ఎత్తలేదు. "ఏమబ్బీ, ఐదో గేర్లోనే ఎక్కిస్తాండావా?" అన్నాడు. అంతే. అలాంటి మేస్త్రి మీ ఊళ్లో ఒకరుంటారు. పని లేని వేళ చూసుకుని, టీ తెప్పించి, విప్పిన గేర్‌బాక్స్ పక్కన ఒక గంట కూర్చోండి. యూట్యూబ్‌లో దొరకనిది అక్కడ దొరుకుతుంది.

తర్వాత టైర్లు. పక్కగోడ మీద 185/65 ఆర్15 88హెచ్ అని ఉందనుకోండి. వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు. 88 అంటే ఆ టైరు 560 కిలోల బరువు మోస్తుంది. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుంది. ఇంకో చోట నాలుగంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైంది. సెకండ్‌హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లినప్పుడు మొదట ఈ నాలుగంకెలు చూడండి. "టైర్లు కొత్తవే సార్" అనే మాట నిజమో కాదో అప్పుడే తెలిసిపోతుంది.

మన ఎండల్లో గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోవాలి. డ్రైవర్ తలుపు పక్క స్తంభం మీద స్టిక్కర్‌లో ఉన్న అంకె చల్లని టైరుకు చెప్పింది. మే నెల మధ్యాహ్నం కర్నూలు నుంచి గుత్తి దాకా లాగించాక ఒత్తిడి పెరిగి కనబడుతుంది. అది చూసి గాలి తీసేయకండి. తీస్తే చల్లారాక టైరు మెత్తబడుతుంది, పక్కగోడ ఎక్కువగా వంగి ఇంకా వేడెక్కుతుంది. వేసవిలో టైర్లు పేలడానికి ఇదొక ముఖ్య కారణం.

రేసుల్లో కామెంటేటర్లు "బ్రేకులు ఫేడ్ అవుతున్నాయి" అనే సంగతి కడప రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు ప్రత్యక్షంగా తెలుస్తుంది. దిగినంతసేపూ బ్రేకు మీద కాలుంచితే ప్యాడ్లు వేడెక్కి పట్టు తగ్గుతుంది. బ్రేక్ ఆయిల్ పాతదై అందులో తేమ చేరి ఉంటే ఆ వేడికి మరిగి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఎక్కిన గేరులోనే దిగండి, ఇంజిన్‌నే పట్టి ఆపనివ్వండి, బ్రేకు గట్టిగా కొద్దిసేపు నొక్కి వదిలేయండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్పించండి.

రోడ్డు మీద పందేల గురించి నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. హైవే మీద వేగం చూపించేవాడు రేసర్ కాడు. ఎదురుగా గొర్రెల మందో, లైట్లు లేని ట్రాక్టరో వస్తే అతని చేతిలో ఏమీ ఉండదు. చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద పందేలకు మొదటిసారి మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది వరకు జైలు లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. మైనర్ బండి నడిపి నేరం చేస్తే 199ఏ కింద తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. సైలెన్సర్ మార్చడం, కంపెనీ ఇచ్చిన కొలతలకు విరుద్ధంగా బండిని కోయడం 52వ సెక్షన్ కిందికి వస్తాయి.

5. గో-కార్ట్ ఎక్కండి

గో-కార్ట్ అంటే నేలకు ఆనినట్టుండే చిన్న రేసు బండి. వేగం మీద మోజు తీరాలంటే దారి ఇదొకటి. అనంతపురం, హిందూపురం వైపువాళ్లకు బెంగళూరు హెన్నూరు బాగలూరు రోడ్డులో మెకో కార్టోపియా అనే గో-కార్ట్ ట్రాక్ ఉంది. విమానాశ్రయం వైపే కాబట్టి బెంగళూరు నగరం ట్రాఫిక్‌లోకి దిగాల్సిన పని లేదు. కర్నూలు వాళ్లకు హైదరాబాదే దగ్గర.

బూట్లు వేసుకుని వెళ్లండి. చున్నీ, స్కార్ఫ్ లాంటివి తీసేయాలి, పొడవు జుట్టు హెల్మెట్ లోపలికి కట్టేయాలి. మొదటి రెండు ల్యాపులు వేగం జోలికి పోకుండా ట్రాక్ నేర్చుకోండి. తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు వేసి, మలుపులోకి తిప్పేలోపు వదిలేయండి. రెండు పెడళ్లూ ఒకేసారి తొక్కకండి. కళ్లు కారు ముందున్న నేల మీద పెట్టకుండా, మలుపు దాటాక ఎక్కడికి వెళ్లాలో అక్కడ పెట్టండి. వెనక చక్రాలు కీచుమంటూ జారుతుంటే హీరోలా అనిపిస్తుంది గానీ, ఆ జారుడులోనే టైం పోతుంది. అయిపోయాక ఇచ్చే ల్యాప్ టైముల కాగితంలో అన్నిటికంటే వేగమైన ల్యాపు చూసి మురిసిపోతాం. వరసగా వచ్చిన అంకెల మధ్య తేడా ఎంతో చూడండి. తేడా సగం సెకను లోపల ఉంటే మీలో సరుకున్నట్టు. మర్నాడు పక్కటెముకలు నొప్పెడతాయి, అది మామూలే.

6. అసలు రేసు కళ్లారా చూడండి

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది, పాత పేరు మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్. పొడవు 3.7 కిలోమీటర్లు, 1990లో మొదలైంది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాన్ని నడుపుతోంది. జాతీయ రేసుల తేదీలు క్లబ్ ముందుగానే ప్రకటిస్తుంది. కడప నుంచి రాజంపేట, రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా శ్రీపెరుంబుదూరు చేరితే చెన్నై నగరంలో అడుగు పెట్టనక్కర్లేదు. అనంతపురం వాళ్లకు బెంగళూరు మీదుగా చెన్నై హైవే.

ఇక్కడ నడిచేవి ఫార్ములా 1 కార్లు కావు, అందుకే మొదటిసారికి ఇదే మేలు. ఫార్ములా ఎల్‌జీబీ 1300 లాంటి తరగతుల్లో ఉండేది మారుతి సుజుకి 1,300 సీసీ ఇంజిన్, మన ఇంటి ముందు కారులో ఉండే రకమే. మన వీధుల్లో కనబడడం మానేసిన ఎస్టీమ్‌లు అక్కడ పోలోల పక్కన పరుగెత్తాయి. టీవీలో రాని సంగతులు చాలా ఉంటాయి. కారు కనబడకముందే దాని చప్పుడు వస్తుంది. బ్రేకు వేసే చోట గేర్లు ఒక్కొక్కటే దిగడం చెవికి తెలుస్తుంది. ఒకే మలుపు దగ్గర నిలబడి ఎవరు ముందుగా బ్రేకు వేస్తున్నారో చూడండి. నాలుగైదు ల్యాపులు గడిచేసరికి ఎవరు ఎవర్ని దాటబోతున్నారో మీరే చెప్పగలరు. టోపీ, నీళ్లు, చెవుల్లో పెట్టుకోవడానికి ఇయర్‌ప్లగ్‌లు తప్పనిసరి. పిల్లల్ని తీసుకెళ్తే వాళ్ల చెవుల సంగతి మర్చిపోవద్దు.

ర్యాలీలైతే కర్ణాటకలో చిక్కమగళూరు వైపు, తమిళనాడులో చెన్నై, కోయంబత్తూరు వైపు జాతీయ చాంపియన్‌షిప్ రౌండ్లు జరుగుతుంటాయి. అక్కడ కార్లు ఒకదాని తర్వాత ఒకటి కొద్ది నిమిషాల తేడాతో మట్టిదారిలో వస్తాయి. నిర్వాహకులు చూపించిన చోటే, గట్టు మీద నిలబడండి. మలుపుకు బయటి వైపు ఎప్పుడూ నిలబడొద్దు. అదుపు తప్పిన కారు వెళ్లేది అటే.

7. మామూలు కారుతో పోటీకి దిగండి

టీఎస్‌డీ (టైమ్, స్పీడ్, డిస్టెన్స్) ర్యాలీలో గెలిచేది వేగంగా నడిపినవాడు కాదు, చెప్పిన సగటు వేగాన్ని తప్పకుండా పాటించినవాడు. పక్కన దారి చెప్పే నావిగేటర్ ఉండాలి. పుస్తకంలో మలుపుల బొమ్మలు, కిలోమీటర్లు ఇస్తారు. 12 కిలోమీటర్లు సగటున 36 వేగంతో వెళ్లమంటే సరిగ్గా 20 నిమిషాలు పట్టాలి. ముందు చేరినా, ఆలస్యంగా చేరినా పెనాల్టీ పడుతుంది. మధ్యలో రైల్వే గేటు పడి మూడు నిమిషాలు పోయాయా, మిగిలిన దూరంలో వాటిని ఎలా సర్దుకోవాలో నావిగేటర్ లెక్క కట్టాలి.

సాధన ఇంటి దగ్గరే చేయొచ్చు. ఆదివారం పొద్దున రద్దీ లేని పల్లె దారి చూసుకుని, తమ్ముణ్నో చెల్లెల్నో కాగితం, ఫోన్ స్టాప్‌వాచ్‌తో పక్కన కూర్చోబెట్టండి. ముందు మీ కారులో కిలోమీటర్లు లెక్కపెట్టే మీటరు ఎంత తేడా చూపిస్తుందో హైవే కిలోమీటరు రాళ్లతో సరిచూసుకోండి. పది కిలోమీటర్లకు రెండు వందల మీటర్లు తేడా వచ్చినా లెక్కంతా తప్పుతుంది.

8. లోపలికి వెళ్లే దార్లు

దేశంలో మోటార్ స్పోర్ట్‌ను నడిపే సంస్థ ఎఫ్ఎంఎస్‌సీఐ. రేసుల్లో పాల్గొనాలంటే అది ఇచ్చే పోటీ లైసెన్స్ కావాలి. మామూలు డ్రైవింగ్ లైసెన్స్‌తో పని జరగదు. వైద్య పరీక్ష, శిక్షణ పత్రం లాంటివి తరగతిని బట్టి అడుగుతారు. సర్క్యూట్ రేసింగ్ ఖరీదైన వ్యవహారం, ఆ మాట దాచి లాభం లేదు.

డబ్బు లేనివాళ్లకు మార్షల్ పని ఉంది. ట్రాక్ పక్కన నిలబడి జెండాలు చూపించేవాళ్లు, ఆగిన కారును తోసేవాళ్లు మార్షల్సే. పసుపు అంటే ముందు ప్రమాదం, దాటొద్దు. ఎరుపు అంటే రేసు ఆపేశారు. నీలం అంటే వెనక వేగమైన కారు వస్తోంది, దారివ్వు. క్లబ్బులు ముందుగా శిక్షణ ఇచ్చి తీసుకుంటాయి. టికెట్ కొన్నవాడికంటే మార్షల్ ట్రాక్‌కు దగ్గరగా ఉంటాడు.

జేఎన్‌టీయూలోనో, కర్నూలు, కడప ఇంజినీరింగ్ కాలేజీల్లోనో చదువుతుంటే ఇంకో మంచి దారి ఉంది. విద్యార్థులు తామే బండి తయారుచేసి పోటీకి తెచ్చే బాహా పోటీలు 2007 నుంచి జరుగుతున్నాయి. విద్యార్థులే ఫార్ములా తరహా రేసు కారు చేసి తెచ్చే ఫార్ములా భారత్ పోటీ కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలో జరుగుతుంది. మీ కాలేజీలో జట్టు లేకపోతే మెకానికల్ విభాగంలో ఒక మాస్టారిని ఒప్పించి, వెల్డింగ్ తెలిసినవాడిని, లెక్కలు రాసేవాడిని, స్పాన్సర్లను అడగడానికి మొహమాటపడనివాడిని చేర్చుకోండి. నియమాల పుస్తకం పోటీకి చాలా ముందే వస్తుంది. బండి బొమ్మ గీయకముందే దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవండి. పోటీ రోజు సాంకేతిక తనిఖీలో ఒక పైపు మందం తక్కువైనా బండి ట్రాక్ ఎక్కదు.